థర్మాకోల్ ఊడితేనే మేలు

గోడకు అతికించిన థర్మాకోల్ ఊడి పడాల్సిందే! గోడనే పట్టుకుని వేలాడితే ఒక్క ఇల్లే చల్లబడుతుంది. ఊడిందా, ఊరంతా బాగుపడుతుంది. నమ్మరా? బట్లహళ్ళి లక్ష్మీనరసమ్మను అడగండి.

ఆమె పట్టుపురుగుల షెడ్డుకు పడమటి ఎండ. పురుగులేమో ఆఖరి జ్వరంలో ఉన్నాయి. అంటే మేత మానేసి, కుబుసం విడవడానికి కదలకుండా పడుకునే సమయం. అప్పుడు షెడ్డు ఉడికిందంటే పంట పోయినట్టే. అందుకే ఒక కంపెనీ వాళ్ళను పిలిచి పడమటి గోడకు బయటివైపు థర్మాకోల్ పలకలు వేయించుకుంది. కొత్త పలకలు వస్తున్నాయి కదా అని, శుభ్రం తెలిసిన మనిషి, ముందురోజు గోడకు తెల్లగా సున్నం కూడా కొట్టింది.

సూపర్‌వైజర్ మంజునాథ గోడ తడిమాడు. వేలు తెల్లబడింది. అయినా ఆ సున్నం మీదే గమ్ము పూయించాడు. స్క్రూలు బిగించరా అని ఆమె అడిగింది.

"డ్రిల్ పెడితే గోడ అదరతాదమ్మా. పురుగులు జ్వరంలో ఉండాయి, పాపం!"

ఎంత జాలిగుండె!

పలకలు సున్నాన్ని వదల్లేదు. సున్నమే గోడను వదిలేసింది. మర్నాడు పొద్దున గాలికి పలకలన్నీ ఎగిరిపోయాయి. బయ్యప్ప కోళ్ళగూటికి కప్పు దొరికింది. హేమావతి పాలక్యానుకు చొక్కా దొరికింది. బడిపిల్లలు సైన్సు ప్రాజెక్టుకని మూడు అగ్నిపర్వతాలు, ఒక విధానసౌధ చేసుకున్నారు. ఒక్క గాలితో ఇంత ప్రజాసేవ ఇంకెవరు చేయగలరు చెప్పండి!

లక్ష్మీనరసమ్మ మాత్రం ఏడ్చింది. ఏడుస్తూనే గోనెపట్టలు తడిపి తెచ్చింది. వేలాడదీయడానికి గోడకు ఒక్క మేకైనా ఉండొద్దూ?

ఉంది! చూరు కింద ఈ మూల నుంచి ఆ మూల దాకా కంపెనీ పేరు బోర్డు. దానికి పన్నెండు బోల్టులు! పలకలు అతికించిన రోజే, అదే జ్వరంలో, డ్రిల్ పెట్టి దిగ్గొట్టినవి. గాలికి వెంట్రుకవాసి కదల్లేదు. ఆమె ఆ బోల్టులకే తాడు కట్టి పట్టలు దించింది. షెడ్డు చల్లబడింది. సాయంత్రానికి పురుగులు జ్వరం నుంచి లేచి ఆకు అందుకున్నాయి.

ఆ మర్నాడు మంజునాథ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"పట్టలు తీయమ్మా, బోర్డు కనపడల్లేదు. కంపెనీకి ఫోటో పంపల్ల."

"కదిలిస్తే గోడ అదరతాదప్పా," అంది లక్ష్మీనరసమ్మ. "పురుగులు జ్వరంలో ఉండాయి, పాపం."

లోపల పురుగులు చరచరా ఆకు కొరుకుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.