గున్‌వోర్ గురువారం వంతు

గున్‌వోర్‌కు గురువారం పొద్దున రెండే పనులు. ఏడింటికి నానిన బఠాణీలు పొయ్యి మీద పెట్టడం, సూప్ ఉడికేలోగా దుప్పట్లు ఉతుక్కోవడం. మా స్వీడన్‌లో, ఉప్సాలాలోని ఆ అపార్ట్‌మెంట్‌లో అందరికీ కలిపి బట్టలుతికే గది ఒక్కటే; ముప్ఫై ఏళ్లుగా ఆమె వంతును ఎవరూ ముట్టుకోలేదు. భర్త చనిపోయిన వారం కూడా ఆమె దుప్పట్లు ఉతికింది, సూప్ తాగింది. ఏడవడం శుక్రవారానికి పెట్టుకుంది.

ఆ గురువారం బుట్ట చంకన పెట్టుకుని నేలమాళిగకు దిగేసరికి, ఎవరి వంతుకు వారు తాళం తగిలించుకునే చెక్కపలక గోడ మీద లేదు. దాని చోట ఒక చిన్న తెర వెలుగుతోంది. భవనం తలుపు తీసే కార్డు చూపిస్తే, "మీ వంతు: మంగళవారం మధ్యాహ్నం రెండు. మీ మేలు కోసమే ఈ మార్పు" అని రాసి చూపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆమె అక్కడే నిలబడి తెరను తిడుతుంటే పైన బఠాణీలు మాడిపోయాయి.

ఒళ్లు మండిపోయింది. అయినా పొరుగువాడి తలుపు కొట్టి పోట్లాడే అలవాటు మావాళ్లకు లేదు. ఎంత కోపమొచ్చినా కాగితం మీద రాసి, పేరు పెట్టకుండా బట్టలుతికే గది తలుపుకు అంటించడమే మర్యాద. కాస్త ఘాటైన మాట కోసం ఆమె మనవరాలు టూవాకు ఫోన్ చేసింది.

"అన్యాయం అని రాస్తే చాలదా?"

"అదెవరు చదువుతారు అమ్మమ్మా? డిస్టోపియన్ అని రాయి."

"అంటే ఏంటే?"

"అంతా నీ మంచికే అంటూ ఊపిరాడనివ్వని లోకం. చేపలు పెట్టిన రోజు మా క్యాంటీన్‌ని మేం అదే అంటాం."

గున్‌వోర్ పెద్దక్షరాలతో రాసింది: "ఈ గది డిస్టోపియన్."

సొసైటీ అధ్యక్షుడు టోర్బ్యోర్న్ మెత్తని మనిషి. ఎవరైనా నొచ్చుకున్నారంటే ఆయనకు నిద్ర పట్టదు. నిఘంటువు తీసి అర్థం చూశాడు, ఇంకా బాధపడ్డాడు. మర్నాడే తలుపు మీద ప్రకటన వెలిసింది: "మన భవనంలో డిస్టోపియా లేదు. ఆ మాట వాడదలచినవారు ముందుగా అనుమతి తీసుకోవాలి."

రెండో అంతస్తు ఇంగ్వె, రిటైరైన భూగోళం మాస్టారు, మెట్ల మీద ఆయన్ని ఆపాడు. "ఏమయ్యా టోర్బ్యోర్న్, ఇప్పుడు చేసిందే డిస్టోపియా."

"రాసిందెవరో తెలిస్తే ఓదార్చేవాణ్ణి మాస్టారూ. తెలీకే ఈ తిప్పలు."

తెలుసుకోవడానికి కెమెరా పెట్టించాడు. ఆ పైన "మీరు సంతోషంగా ఉన్నారా?" అని అందరికీ ఒక ఫారం పంచాడు. నింపనివారి కార్డులు పనిచేయలేదు. "లేను" అని నింపినవారిని ఓదార్చడానికి ఆయనే స్వయంగా బయలుదేరాడు, వాళ్ల బట్టలుతికే వేళకే. రెండు వారాల్లో భవనమంతా సంతోషంగా ఉన్నామని రాసిచ్చి, మాసిన బట్టలతో తిరగసాగింది.

చివరికి కాఫీ, దాల్చినచెక్క బన్నులతో సమావేశం పెట్టారు. "మనది డిస్టోపియా కాదనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు టోర్బ్యోర్న్. అందరూ ఎత్తారు. ఇంగ్వె రెండు చేతులూ ఎత్తాడు.

గున్‌వోర్ మాత్రం లేచి నిలబడింది. "రాసింది నేనే. నా గురువారం నాకు కావాలి, అంతే. ఆయన పోయాక నాకు మిగిలింది అదొక్కటే."

టోర్బ్యోర్న్ కళ్లు తుడుచుకున్నాడు. "ఆ ముక్క ముందే చెప్తే ఇంత జరిగేదా గున్‌వోర్ గారూ?"

"చెప్పాగా. తలుపు మీద."

ఆ రోజే తెర తీసేశారు, చెక్కపలక తిరిగొచ్చింది. బాధపడ్డ మనిషి చేతిలో ఉంటే న్యాయంగా ఉంటుందని గది పెత్తనం మొత్తం గున్‌వోర్‌కే అప్పగించారు. తర్వాతి గురువారం సూప్ చక్కగా కుదిరింది. దుప్పట్లు ఆరేసి వచ్చి, తలుపు మీద ఆమె ఒక కాగితం అంటించింది: "గురువారం ఉదయాలు ఎవరికీ ఇవ్వబడవు. ఉతికాక నేల తుడవనివారి తాళాలు తీసేయబడతాయి. ఇదంతా మీ మేలు కోసమే."

సోమవారానికల్లా దాని కింద పేరు లేని ఇంకో కాగితం వచ్చింది: "డిస్టోపియన్."

గున్‌వోర్ మనసు చివుక్కుమంది. కెమెరాను తీయించకపోవడం ఎంత మంచిదైందో అనుకుంది. రాసిందెవరో తెలిస్తే ఓదార్చాలి కదా.