తల్లి ముఖం ఉంటేనే టీకా

పసిబిడ్డలను పట్టే రోగాలన్నీ, బుధవారం ఉదయం పనీపాటా లేకుండా కూర్చున్న తల్లిని చూస్తేనే జడుసుకుంటాయని మన ఆరోగ్య యంత్రాంగం తేల్చేసింది. కనుక టీకాకు బిడ్డ ఒక్కటే వస్తే చాలదు, తల్లి ముఖాన్ని యాప్ గుర్తుపట్టాలి. (నాయనమ్మలు ఎత్తుకొచ్చి టీకాలు వేయించిన తరాలు ఎలా బతికి బట్టకట్టాయన్నది విచారణలో ఉంది.)

ఆ బుధవారం పాపాయమ్మ గారు మనవరాలు షైనీని చంకనేసుకుని మా ఊరి టీకా కేంద్రానికి వచ్చారు. పిల్లకు తొమ్మిది నెలలు నిండాయి, తట్టు టీకా వేయించాలి. పక్క పేటలో అప్పటికే ఇద్దరు పిల్లలకు తట్టు వచ్చింది. కొడుకు కువైట్‌లో డ్రైవరు. కోడలు లిడియా సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటి, అవతల రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది.

“తల్లి ముఖం కావాలండీ,” అంది నర్సు వీరవేణి, ఫోను చూపిస్తూ.

“దాని ముఖం అవతలొడ్డునుందమ్మా, రొయ్యల దగ్గర. సూది బిడ్డకా, కోడలికా?”

“ఆయ్, మీరన్నది నిజమేనండి. యాప్ ఒప్పుకోదండి మరి.”

వీరవేణి జాలిపడి, మాతృముఖ ధ్రువీకరణ ఉపపర్యవేక్షకులు ముత్యాలరాజు గారికి ఫోను చేసింది. ఆయన నిబంధన చదివి వినిపించారు. పనిచేసే తల్లులకు ఆదివారం కేటాయించడమైనది. ఆదివారం కేంద్రానికి సెలవు.

“ఆవిడ పని మానేస్తే బుధవారం ఇచ్చేస్తామండీ, ఇబ్బందే లేదు,” అన్నారు ఎంతో మర్యాదగా. (మా వైపు ప్రాణం తీసినా అండీ అనే తీస్తారు.)

పై వారానికి లిడియా సెలవడిగింది.

“పిల్లకి ఒంట్లో బాగోలేదా?” అన్నాడు షెడ్డు మేస్త్రి.

“బాగానే ఉందండి. బాగుండాలనే సూది.”

“బాగుంటే సెలవెందుకమ్మా? వెళ్తే మరి రానక్కర్లేదు.”

లిడియా వెనక్కెళ్లి రొయ్యల ముందు కూర్చుంది. విన్న నాకు ఒళ్లు మండిపోయింది గాని, నా ఒళ్లు మండడం ఏ నిబంధన కిందికీ రాదు.

కొన్నాళ్లకు షైనీకి జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. తట్టే. పెద్దాసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ఎవరి ముఖమూ అడగలేదు. లిడియా రేవు మొహం చూడకుండా పిల్ల మంచం దగ్గరే ఉండిపోయింది.

బుధవారం ఉదయం వీరవేణి ఆసుపత్రికి పలకరించడానికి వచ్చింది. యాప్‌లో షైనీ టీకా పెండింగు తీసేయమని ముత్యాలరాజు గారి ఆదేశమట. తలొంచుకునే ఫోను ఎత్తి పట్టుకుంది.

“పని... ఉందాండీ?”

“పోయిందండి.”

యాప్ లిడియాను గుర్తుపట్టింది. తెర పచ్చగా వెలిగింది: ‘తల్లి హాజరు. ఉద్యోగం లేదు. బిడ్డ తట్టు టీకాకు అర్హురాలు.’