"మామూలే" అనే దివ్యౌషధం

వైద్యశాస్త్రం ఇంతవరకు కనిపెట్టిన మందుల్లోకెల్లా గొప్పదేదో తెలుసా మీకు? యాంటీబయాటిక్ కాదు, టీకా అంతకన్నా కాదు. "మామూలేనమ్మా" అనే మాట! చీటీ అక్కర్లేదు, మింగడానికి గ్లాసెడు నీళ్ళూ అక్కర్లేదు. ఒకటే షరతు, రోగి ఆడమనిషై ఉండాలి.

మా అక్కనే చూడండి. రెండో కాన్పు తర్వాత, ఇక పిల్లలు వద్దని లూప్ వేయించుకుంది. నెల తిరక్కుండానే పొత్తికడుపులో ఒకటే పోట్లు. పరుగెత్తుకెళ్తే, "కొత్తలో మామూలేనమ్మా" అన్నారు డాక్టరమ్మ. మూడో నెల వెళ్తే, "కొందరికి మామూలే." ఐదో నెల కూర్చోలేక నిలబడే చెప్పుకుంది. "టెన్షన్ తగ్గించుకోండి!"

ఎంత హాయి చెప్పండి! లూప్‌లో లోపం లేదు, వేసిన చేతిలో లోపం లేదు, ఉన్నదంతా మా అక్క మనసులోనే. స్కానింగ్ మెషీన్‌కి విశ్రాంతి. బావకి నిశ్చింత. "డాక్టరే ఏం లేదంటే నీకేంటే?" అని టీవీ సౌండ్ పెంచుకున్నాడు.

ఏడో నెలలో పరీక్షిస్తే లూప్ దారం కనబడలేదు. "ఎప్పుడో జారిపోయుంటుంది, మీరు చూసుకోలేదేమో" అన్నారు డాక్టరమ్మ. వస్తువేమో పోయిందట, నొప్పి మాత్రం ఉండిపోయిందట!

చివరికి నడుం నొప్పికని ఎక్స్‌రేకి వెళ్తే, "బొడ్డు పక్కన ఇదేంటమ్మా?" అన్నాడు టెక్నీషియన్. ఇంకేముంది, లూపే! గర్భసంచి గోడ చీల్చుకుని కడుపులోకి షికారుకెళ్ళింది. ఆపరేషన్ చేసి బయటికి తీశారు.

డిశ్చార్జి రోజున కూడా డాక్టరమ్మ తన మందు మరిచిపోలేదు. "ఎక్కడో ఒకరికి ఇలా అవుతుందమ్మా. మామూలే."

మా అక్క బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలు కుడుతుంది. మంచం పట్టె పట్టుకుని మెల్లగా లేచి కూర్చుంది.

"మేడమ్, మా దగ్గర కుట్టేటప్పుడు సూది విరిగితే మిషన్ ఆపేస్తాం. ముక్కలన్నీ వెతికి, పుస్తకంలో అంటించి సంతకం పెట్టాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ చొక్కా గేటు దాటదు. మీరు నన్ను నాలుగుసార్లు దాటించారు. నా సంగతి ఏ పుస్తకంలో రాశారు?"

డాక్టరమ్మ గడియారం చూసుకుని పక్క మంచానికి వెళ్ళిపోయారు. అక్క కళ్ళు తుడుచుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అక్కదే తప్పనిపించింది. చొక్కాతో పోలికేమిటండీ? రేపు దాన్ని తొడుక్కునేది ఎవరో పెద్దమనిషి. ఆయనకి సూది గుచ్చుకుంటే ఊరుకుంటాడా!