పాత డబ్బా అమ్మబడును

ఇందుమూలంగా ఆ వీధి వారికీ, పక్క వీధి వారికీ, ముఖ్యంగా బంధువులకూ తెలియజేయడమేమనగా, లిఫ్టుల ఇన్‌స్పెక్టరు గారి కారు కొన్ననాటి నుంచి నేటి వరకు ఒక్కసారి కూడా చెడిపోలేదు. అప్పుడప్పుడు ఆగుతుంది. ఆగడానికీ చెడిపోవడానికీ మధ్య ఉన్న తేడా అలాంటి కారున్న వాళ్ళకే తెలుస్తుంది. బస్సుల్లో తిరిగేవాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఎర్రటి సెడాన్. ఇంటిల్లిపాదీ పట్టే కారే గానీ, పరుగుపందెంలోంచి మధ్యలో లేచి వచ్చేసిన వాటం. వెనక డిక్కీ మీద ఒక రెక్క ఉంటుంది. అది కారు వేగానికి గాల్లోకి లేవకుండా నేలకు అదిమిపెడుతుందని షోరూములో చెప్పారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. కారు ఏనాడూ నేలను వదల్లేదు. చాలా రోజులు ఇంటి ముందున్న నేలను కూడా వదల్లేదు.

ఆ ఇంట్లో "చెడిపోయింది" అనే మాట వాడరాదని ఉత్తర్వు. "కారు ఆలోచిస్తోంది" అనాలి. ప్రయాణం సజావుగా సాగడానికి అందరికీ శాఖలు కేటాయించారు. అమ్మాయిది కిటికీ అద్దాల శాఖ. దానంతటదే జారిపోయే అద్దాన్ని దిగేవరకు రెండు చేతులతో పట్టుకుని కూర్చోవాలి. భార్యది వాసనల శాఖ. కాలుతున్న వాసన మన కారుదా, ముందున్న లారీదా అన్నది తేల్చాలి. లారీదేనని తేల్చాలి. ప్రచార శాఖను మాత్రం ఇన్‌స్పెక్టరు గారు ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నారు. ఏసీ స్పోర్ట్ బటను నొక్కితేనే పనిచేస్తుంది కనుక, ఎండల్లో కూరగాయలు తేవడానికి వెళ్ళినా ఆ కుటుంబం రేసుకు వెళ్తున్నట్టు గర్జిస్తూ వెళ్ళేది.

సర్వీసు సెంటరులో టై కట్టుకున్న సలహాదారు ఒకరున్నారు. కారులో పసుపు లైటు వెలిగిందని చెప్పినప్పుడు ఆయన లేచి నిలబడి ఇలా సెలవిచ్చారు: "సార్, అందరూ కొనేది కారు. మీరు కొన్నది ఒక అనుభవం. లైటు వెలిగిందంటే కారు మీతో మాట్లాడుతోందన్న మాట. మాట్లాడని కారూ ఒక కారేనా సార్!" తర్వాత ఒక ఉదయం లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి. కారు ఎంత చెప్పుకోవాలనుకుంటోందోనని ఇన్‌స్పెక్టరు గారి మనసు కరిగిపోయింది. కారు మాత్రం అంగుళం జరగలేదు.

ఆయన ఉద్యోగంలో సింహం. తనిఖీకి వెళ్ళిన భవనంలో లిఫ్టు కిర్రుమంటే చాలు, సీలు వేసేవారు. ముసలివాళ్ళు మెట్లెక్కలేరని ఎంత బతిమాలినా వినేవారు కాదు. "మనుషుల ప్రాణాలండీ, ఆటలా?" అనేవారు. సాయంత్రం ఇంటికి బయలుదేరితే అదే కిర్రు తన కారులోంచి వచ్చేది. దానికి ఆయన స్పోర్టీ సౌండు అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఇంట్లోనే ఆయన అత్తగారు ఉండేవారు. ఆవిడ కిడ్నీలు పనిచేయడం మానేశాయి. రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. వేళకు చేరకపోతే ఆ మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒకరోజు కారు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆలోచనలో పడింది. వెనకాల ఊరంతా హారన్లు కొట్టింది. ఆసుపత్రికి చేరేసరికి మిషను మీద వేరే ఆయన ఉన్నాడు. మర్నాటికి పెద్దావిడ కాళ్ళు పొంగాయి, ఊపిరి బరువైంది.

"కారుదేముంది బాబూ, నేనే తయారవడం ఆలస్యం చేశాను" అన్నారావిడ రొప్పుతూ.

ఇన్‌స్పెక్టరు గారికి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది, ఈ ఒక్క వాక్యంలో ఎగతాళి ఏమీ లేదు.

ఆ వారమే అత్తగారిని చిన్నకూతురింటికి మార్చారు. గాలి మార్పు కోసమని బంధువులకు ప్రకటన వెలువడింది. అసలు కారణం చిన్నల్లుడి పాత కారు. చిన్నల్లుడంటే కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు. ఆయన కారు రంగు ఏదో పుట్టినప్పుడు తెలిసి ఉండాలి. తలుపు రెండోసారి గట్టిగా వేస్తేనే పడుతుంది. బంధువులంతా దాన్ని డబ్బా అనేవారు. తాళం తిప్పితే స్టార్టయ్యేది, ఆసుపత్రి వచ్చేదాకా ఆగేది కాదు. ఇంతకుమించి దానికి ఏ విద్యా రాదు. పెద్దావిడ దాంట్లో వేళకు వెళ్ళి వేళకు వస్తూ కోలుకున్నారు.

కానీ మాస్టారు మాత్రం లోలోపల కుమిలిపోతున్నారు. ఏళ్ళ తరబడి, నలుగురు కలిసిన ప్రతిచోటా తోడల్లుడి నోట ఆ ఎర్రకారు వర్ణన విని ఉన్నారు మరి. ఒక ఆదివారం ఆయన ఫోను చేసి, డబ్బాను అమ్మేసి అన్నయ్యగారి కారు లాంటిదే, నీలం రంగుది తీసుకుంటున్నానని గర్వంగా చెప్పారు.

ఇన్‌స్పెక్టరు గారి భార్య ఆ మాట విని, చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, మీరు వెళ్ళి నిజం చెప్పండి. మా అమ్మ ప్రాణం ఆ డబ్బా మీద ఉంది."

"చెప్తే ఇన్నాళ్ళూ నేను చెప్పినవన్నీ..."

"కోతలని వాళ్ళకీ తెలుస్తుంది. తెలియనివ్వండి. పరువు పోతే మళ్ళీ తెచ్చుకుందాం. అమ్మ పోతే ఎక్కణ్ణించి తెస్తారు?"

ఇన్‌స్పెక్టరు గారు వెళ్ళారు. బస్సులో వెళ్ళారు. సోఫా అంచున కూర్చుని, కళ్ళు మూసుకుని కక్కేశారు.

"తమ్ముడూ, ఆ కారు కొనకు. మాట వినదు. ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతుంది. నన్ను ఏడిపించుకు తింటోంది. అత్తయ్యగారిని ఎక్కించాల్సిన కారు కాదది."

ఆయన జీవితంలో కారు గురించి పలికిన తొలి సత్యం ఇది. మాస్టారు చిరునవ్వుతో విన్నారు, కాఫీ ఇచ్చారు, గేటు దాకా వచ్చి సాగనంపారు. లోపలికొచ్చి భార్యతో అన్నారు: "చూశావా? అలాంటి కారు మనకూ వస్తుందనేసరికి మీ బావగారికి కళ్ళు కుట్టాయి. బస్సులో వచ్చి మరీ నటించాడు, పాపం!"

మర్నాడే నీలం కారు బుక్ చేశారు. డబ్బాను బేకరీ ఆయన కొనుక్కున్నాడు, దుకాణాలకు బన్నులు వేసి రావడానికి.

నీలం కారు కొత్త మోజు తీరకముందే ఆలోచించడం మొదలుపెట్టింది. ఆసుపత్రి దారిలో అది ఆగిపోయినప్పుడు పెద్దావిడ రోడ్డు పక్కన గొడుగు కింద నిలబడి ఉంటే, అటుగా వచ్చిన బేకరీ ఆయన గుర్తుపట్టి ఎక్కించుకున్నాడు. ఎలాగూ రోజూ ఆసుపత్రి క్యాంటీనుకు బ్రెడ్డు వేస్తానని, ఇకమీద తానే దింపుతానన్నాడు. మాస్టారు ఒప్పుకున్నారు గానీ, మర్యాదకు లోటు రాకుండా ఒక పద్ధతి ఏర్పాటు చేశారు. పెద్దావిడ ఇంటి ముందు నీలం కారులో, వీధివాళ్ళందరూ చూస్తుండగా ఎక్కాలి. వీధి మలుపు దాటాక దిగి డబ్బాలోకి మారాలి. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు.

కారు సంగతి అడిగినవాళ్ళకు మాస్టారు "విమానమే!" అనేవారు. వద్దన్న తోడల్లుడి మాటే నిజమైందని ఎలా ఒప్పుకుంటారు? ఆ విమానం కబురు విని ఇన్‌స్పెక్టరు గారికి నిద్ర పట్టలేదు. అంటే తనకొక్కడికే దరిద్రపు బండి అంటగట్టారన్న మాట! అక్కచెల్లెళ్ళు ఫోనులో అసలు విషయాలన్నీ మాట్లాడుకుంటూనే ఉన్నారు గానీ, మొగుళ్ళకు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకున్నారు.

ఒక సాయంత్రం ఇన్‌స్పెక్టరు గారు నెమ్మదిగా కదిపారు. "తమ్ముడూ, మీ వదినకు నీలమంటే ప్రాణం. మార్చుకుందామా?"

మాస్టారు మాట పూర్తి కాకుండానే తాళాలు చేతిలో పెట్టేశారు. పాత ఎర్రకారు అన్నేళ్ళుగా చెడిపోని సంగతి ఆయన స్వయంగా విని ఉన్నారు కదా. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకున్నారు. ఎదుటివాడు ఇంత అమాయకుడా అని ఇద్దరికీ లోపల జాలి కలిగింది.

మర్నాడు డాక్టరు అల్లుళ్ళిద్దరినీ రమ్మన్నారు. బేకరీ ఆయనను ఈ పూటకు అక్కర్లేదన్నారు. ముందు నీలం కారులో పెద్దల్లుడు, పక్కన అత్తగారు. వెనక ఎర్రకారులో చిన్నల్లుడు. ఫ్లైఓవరు ఎక్కుతుండగా నీలం ఆగింది. దాన్ని చూసి ఎరుపు కూడా ఆగింది. బానెట్లు ఎత్తి ఇద్దరూ లోపలికి వంగి, తమకేమీ తెలియని ఇంజన్ల వంక తీవ్రంగా చూస్తుండగా డబ్బా వచ్చింది.

పెద్దావిడ ముందు సీట్లో కూర్చున్నారు. అల్లుళ్ళిద్దరూ వెనక, ఒళ్ళో చెరొక బన్నుల ట్రే పెట్టుకుని మోకాళ్ళు తగులుతుండగా ఇరుక్కున్నారు. తలుపు రెండోసారికి పడింది. కొంతదూరం పోయాక బేకరీ ఆయన అద్దంలోంచి అడిగాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఏమనుకోకండి. మీ ఇళ్ళల్లో రెండున్నాయి కాబట్టి అడుగుతున్నా. ఆగడం సంగతి అటుంచితే, ఆ కారు ఎలా ఉంటుందండీ? ఎన్నాళ్ళీ డబ్బాలో అని మా ఆవిడ ఒకటే పోరు. దీన్ని అమ్మేసి అది తీసుకుందామని..."

ఇన్‌స్పెక్టరు గారి చూపు సీట్ల మధ్యలోంచి అత్తగారి కాళ్ళ మీద పడింది. వాపు తగ్గి చీలమండ ఎముక కనిపిస్తోంది. కొనకు అన్న ఒక్క మాట చాలు. కానీ కారు మంచిది కాదంటే, నిన్న సాయంత్రం మంచిది కానిదాన్ని తెలిసి తెలిసి తోడల్లుడికి అంటగట్టినట్టు ఒప్పుకోవాలి. పక్కన లెక్కల మాస్టారు కూడా సరిగ్గా ఇదే లెక్క వేస్తున్నారు. ఆయన లెక్క ముందు తేలింది.

"విమానమేనయ్యా!" అన్నారు.

"అవునవును" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, బన్నుల వంక చూస్తూ.

బేకరీ ఆయన పెద్దావిడ వైపు తిరిగాడు. ఆవిడ వెనక్కి తిరిగి అల్లుళ్ళిద్దరినీ ఒకసారి చూశారు.

"చూడ్డానికి చాలా బాగుంటుంది నాయనా" అన్నారావిడ.

బేకరీ ముందు ఇప్పుడు ఒక అట్టముక్క వేలాడుతోంది. పాత డబ్బా అమ్మబడును, ఎన్నడూ ఆగలేదు అని రాసి ఉంది. తెల్లరంగు సెడాన్ వచ్చేలోగా దాన్ని వదిలించుకోవాలని బేకరీ ఆయన తొందర. ఎవరైనా కొంటే, ఆ కొన్నవాళ్ళ కాళ్ళు పట్టుకునైనా రోజు విడిచి రోజు వెళ్ళి రావచ్చని పెద్దావిడ ఆశ.

మీరూ ఆ దారినే వెళ్తుంటారు, అట్టముక్క చదివే ఉంటారు. చదివి నవ్వుకుని, బన్ను కొనుక్కుని వచ్చేసి ఉంటారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. అందులోంచి దిగుతుంటే నలుగురూ చూస్తారు కదా. అన్నట్టు, మీ కారు ఎలా ఉంది?