ప్రభాకర్ గారి సెంట్రల్ స్టోరేజ్

"ఇకపై జుబైల్‌లో ఏ తెలుగువాడూ జేబులో కాగితం పెట్టుకుని తిరగనక్కర్లేదు!" అని మా పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనర్ ప్రభాకర్ గారు ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. అందరి పాస్‌పోర్టు జిరాక్సులూ ఒకే చోట, సెంట్రల్ స్టోరేజ్‌లో ఉంటాయి. కావలసినప్పుడు బటన్ నొక్కితే చాలు. ఇంత దూరదృష్టి మా నాయకుడికి కాక ఇంకెవరికుంటుంది?

సౌదీలో నితాఖాత్ రోజులవి. సౌదీవాళ్లకు సరిపడా ఉద్యోగాలివ్వని కంపెనీలు సర్కారు రెడ్ లిస్టులోకి పోతున్నాయి, పనివాళ్లు రోడ్డున పడుతున్నారు. తాపీ మేస్త్రీ లింబాద్రిని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరైతే అతని పాస్‌పోర్టుతో సహా మాయమయ్యాడు. మిగిలింది ఒక్క జిరాక్సు. వేదిక మీద మొదట స్కాన్ చేసింది దాన్నే. ప్రభాకర్ గారు దాన్ని పైకెత్తి ఫోటో దిగి, "ఇది డిజిటల్ యుగం!" అంటూ పర్రున చింపేశారు. ఫోటో తీసింది నేనే. లింబాద్రి కూడా చప్పట్లు కొట్టాడు.

నెల తిరక్కుండానే కంప్యూటర్ చూసే దిలావర్ ప్రభాకర్ గారి దగ్గరికి వచ్చాడు.

"సాబ్, స్టోరేజ్ ఫుల్ అయింది."

"ఏమున్నయ్ అందుల?"

"మీ ఫోటోలు సాబ్. స్టోరేజ్ ఓపెనింగ్‌వి."

"అవి చరిత్ర! ఇంకేమున్నయ్?"

"వర్కర్ల జిరాక్సులు."

"ఎవడన్న అడిగిండా?"

"ఇంకా లేదు."

"అడగనియి ఎందుకు? తీసెయ్."

నిర్ణయాల్లో ఆయన వేగం అలాంటిది.

మరుసటి వారం లింబాద్రి పరుగెత్తుకొచ్చాడు. ఇంటికి పోవడానికి, పాస్‌పోర్టు లేనివాళ్లకు మన ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ కావాలి, దానికి జిరాక్సు కావాలి. దేశం విడిచిపోవడానికి సౌదీ సర్కారిచ్చిన గడువు రేపటితో ఆఖరు. దాటితే జైలే.

"సారూ, నా కాయితం ఇప్పియ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

దిలావర్ బటన్ నొక్కాడు. తెర మీదికి ప్రభాకర్ గారు వచ్చారు. మళ్లీ నొక్కాడు. దండతో ప్రభాకర్ గారు వచ్చారు. చివరికి జిరాక్సు పైకెత్తిన ఫోటో దొరికింది. పెద్దది చేసి చూస్తే లింబాద్రి మొహం, పేరు స్పష్టంగా ఉన్నాయి. నంబరు మీద మాత్రం ప్రభాకర్ గారి బొటనవేలుంది.

"దొరికింది గద! ఇంకేం గావాలె?" అని ఆయన దాన్నే పోస్టర్ సైజులో ప్రింటు తీయించి ఇచ్చారు. కింద 'మీ కాగితాలు మా చేతుల్లో భద్రం' అని కూడా వేయించారు.

మర్నాడు రియాద్ ఎంబసీలో ఔట్‌పాస్ క్యూకి లింబాద్రికి తోడు నేనూ వెళ్లాను. పోస్టర్ చుట్ట చంకలో పెట్టుకుని నిలబడ్డ అతన్ని చూస్తే ఏడుపొచ్చింది. నాయకుడి మీద నమ్మకంతో ఆపుకున్నాను.

కౌంటర్లో తెలుగు గుమాస్తా పోస్టర్‌ని ఎగాదిగా చూశాడు.

"నంబరేదీ?"

"వేలు కింద ఉన్నది సార్."

"అయితే ఆ వేలు తియ్యమను."

అప్పుడే పక్క కౌంటర్ నుంచి ప్రభాకర్ గారు బయటికొస్తున్నారు. చేతిలో కొత్త ఔట్‌పాస్, చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు తొడిగిన సొంత జిరాక్సు.

"సారూ! జర వేలు తియ్యుండ్రి!" అని లింబాద్రి గొంతు చించుకున్నాడు.

ప్రభాకర్ గారు ఆప్యాయంగా నవ్వి, మా వైపు బొటనవేలు ఎత్తి చూపించారు.

నేను ఫోటో తీశాను.