మిర్చి ఒక బస్తా

ఆ రోజు పొద్దున ఖుద్దూస్ వేసుకున్న లెక్క చాలా చిన్నది. కొల్లాపూర్‌లో పెళ్లివంటల కాంట్రాక్టులు చేసే యాదలక్ష్మి మొదటిసారి జడ్చర్లలోని తన కిరాణా దుకాణానికి వస్తోంది. ఆమెను కాచుకోబెట్టకుండా సరుకు బండికెక్కిస్తే ఏడాది పొడుగునా బేరం తనది. కాచుకోబెడితే పక్క దుకాణం రామచంద్రయ్యది.

దుకాణం రోడ్డుకు ఇటు, గోదాం అటు. మధ్యలో తీగ లాగితే గడ్డి లారీలు తెంపుకుపోతున్నాయని, మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్లు నేర్పే గుర్వయ్య చేత వైర్‌లెస్ కార్డులు పెట్టించాడు. దుకాణం కంప్యూటర్‌లో చీటీ కొడితే గోదాంలో అచ్చవుతుంది. చీటీ పెద్దదైతే మాత్రం గోదాంలోని పాత కంప్యూటర్ మూలుగుతూ కూర్చునేది.

"ఎందుకయ్యా గుర్వయ్యా గింత ఆలస్యం?"

"కంప్యూటర్‌కు గుండెకాయ కర్నెల్ సేటూ. కార్డును నడిపే కోడ్ అండ్లనే ఉంటది. వచ్చిన ప్రతి పద్దును ఆపి, గిది ఇంతకుముందు వచ్చిందేనా అని సరిచూసి, గప్పుడు ముందటికి తోలుతది."

"ప్రతీదా? అరె భాయ్, నేను లారీ సరుకు కొంటే ఒక్క బస్తల గొట్టం గుచ్చి చూస్త. తక్కినయి అట్లనే దించుకుంట. నీ కర్నెల్‌కు నాకంటె ఎక్కువ అనుమానమా?"

గుర్వయ్యకు ఆ మాట నచ్చింది. లైనక్స్ కోడ్ చేతిలోనే ఉంది. చీటీలో మొదటి పద్దును మాత్రం సరిచూసి, మిగతావి సూటిగా పోయేలా దారి కుదించాడు.

యాదలక్ష్మి వచ్చింది. వ్యానును గోదాం ముందు ఆపించి, దుకాణంలో చాయ్ తాగుతూ కూర్చుంది. ఖుద్దూస్ 'బియ్యం' అని కొట్టగానే గోదాంకు అందింది. పప్పు అందింది. 'మిర్చి ఒక బస్తా' కొట్టేసరికి రోడ్డు మీద లారీ వచ్చి ఆగింది. కబురు అటు చేరింది కానీ, గోదాం కార్డు సిగ్నల్ సన్నది కావడంతో అందిందన్న జవాబు లారీని దాటి ఇటు రాలేదు. దుకాణం కంప్యూటర్ మళ్లీ పంపింది. మళ్లీ మళ్లీ పంపింది. వచ్చిందే మళ్లీ వచ్చిందని పారేయాల్సిన సోదాను గుర్వయ్య పొద్దున్నే తీసేశాడు.

గోదాంలో సరుకు ఎక్కించే ఐలేశానికి సేటు నేర్పింది ఒక్కటే: అచ్చయింది ఎక్కించు, ఎదురడగకు. అతను ఎక్కించాడు. వ్యాను నిండాక రోడ్డు పక్కన పేర్చాడు, అక్కడా చోటు చాలక రోడ్డు మీదే పేర్చాడు. దాంతో ఇంకా లారీలు ఆగాయి. లారీలు ఆగినకొద్దీ జవాబు రాలేదు, జవాబు రానికొద్దీ మిర్చి అచ్చయింది. చివరికి గోదాంలో మిర్చే అయిపోయింది. పక్కనే ఉన్న రామచంద్రయ్య గోదాంకు ఐలేశం పరుగెత్తాడు.

"సేటు ఇంకా మిర్చి అడుగుతుండు, ఉన్నదంత ఇయ్యిండ్రి!"

"గింత మిర్చా? ఎవరి పెండ్లిరా?" అన్నాడు రామచంద్రయ్య.

"నాకేమెరుక? దుష్మన్లదై ఉంటది."

అలా తెచ్చిన బస్తాల్లో ఒకటి, లారీల వెనక ఆగిన బస్సు ముందే పగిలింది. గాలి తిరిగింది. బస్సంతా ఒక్కసారిగా తుమ్మింది.

"సూడు గుర్వయ్యా, పాపం ఎంత కష్టపడుతుందో!" అని ఖుద్దూస్ కంప్యూటర్‌ను మెచ్చుకుంటుండగా ఆ తుమ్ములు దుకాణం దాకా వినిపించాయి. యాదలక్ష్మితో సహా ముగ్గురూ రోడ్డు దాటారు. అవతల ఎర్రటి గుట్ట.

"ఏందిరా గిది?"

"నువ్వే గద సేటూ పంపింది! అడగొద్దంటివి... హాఛ్!"

ఏడాది బేరం పోయినట్టేనని ఖుద్దూస్ తల పట్టుకున్నాడు. యాదలక్ష్మి మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పగిలిన బస్తాలోంచి ఒక కాయ తీసి, విరిచి, కొరికి, కడుపారా తుమ్మింది.

"ఇన్నాళ్లు అందరు రంగు సూపెట్టి సప్పటి మిర్చి అంటగట్టిండ్రు సేటూ. బస్సును నిలవెట్టే మిర్చి ఇయ్యాల్నే సూసిన. ఏడాది సరుకు నీ దగ్గర్నే. కాని మిర్చి గిదే ఉండాలె, మారిస్తె ఊకోను."

ఖుద్దూస్ ఛాతీ ఉప్పొంగింది. అంతలోనే పగిలిన బస్తా మీది గుర్తు కంటపడింది. అది రామచంద్రయ్యది. ఆ పెద్దమనిషి పక్కనే నిలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఇంకెన్ని పంపాలె ఖుద్దూస్ భాయ్? వద్దులే, నీ కంప్యూటర్‌నే అడుగుత."

మధ్యాహ్నానికల్లా గుర్వయ్య సోదాను తిరిగి పెట్టేశాడు. ఆ ఏడాది ఖుద్దూస్ వ్యాపారం బ్రహ్మాండంగా నడిచింది, మిర్చికి అడిగిన ధర రాబట్టి బాగుపడింది మాత్రం రామచంద్రయ్య.