అంగారక కవచాలు

ఆదివారం పొద్దున జగ్గారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను తినాలి, ఒక కునుకు తీయాలి, మధ్యాహ్నం రిక్షా పిలిచి మూడు కవచాలనూ కాలనీ స్టేజి దగ్గరికి చేర్చాలి. సాయంత్రం నాటక పోటీల్లో వాళ్ళ ట్రూపు 'అంగారక సంగ్రామం' ఆడుతోంది. క్రీస్తుశకం మూడువేలలో, అంగారక గ్రహం మీద, మంచు తుపాన్ల మధ్య జరిగే యుద్ధం అది.

పోర్టు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసే జగ్గారావుకి నాటకాలంటే ప్రాణం. నటన మాత్రం రాదు. ఒకసారి భటుడి వేషం ఇస్తే, ఉన్న ఒక్క డైలాగూ మింగేసి రాజుగారికి దణ్ణం పెట్టి వచ్చేశాడు. పాట సంగతి ఎత్తకపోవడమే మేలు. ట్రూపులో ఉండాలంటే అతనికి మిగిలిన దారి వేషాల తయారీ ఒక్కటే. కిందటేడు అతను చేసిన రేకు కవచంతో సేనాపతి కూలబడి, నలుగురు పట్టి లేపితే గానీ లేవలేదు. దాంతో ఆ దారి కూడా మూసుకుపోయేలా ఉంది.

అందుకే ఈసారి బాగా ఆలోచించాడు. ఏ గ్రహం మీద పోరాడినా యోధుడు మనిషే. మనిషన్నాక కూర్చుంటాడు, వంగుతాడు, దురద పుడితే గోక్కుంటాడు. పైన వెండి రంగు రెక్సిన్, లోపల థర్మోకోల్, భుజాలకి మెత్తలు, నడుముకి వెడల్పాటి పట్టీ పెట్టి కుట్టాడు. ఏంటెనా నిలబెట్టడానికి హెల్మెట్టు పైభాగాన్ని చదును చేశాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ తొడిగి చూపించి, "వాడి సూత్తే గదా గునం తెలిసేది! ఎవులైనా పట్టుకెల్లి వాడుకోండి" అని గొప్పలు పోయాడు.

టిఫిను తిని పెరట్లోకి వెళ్ళి చూస్తే కవచాలు తగిలించిన దండెం ఖాళీ.

"గౌరీ! కవచాలేవే?"

"వాడుకుంతన్నారు" అంది భార్య గౌరీశ్వరి, రుబ్బురోలు ముందు నుంచి లేవకుండానే. "పక్కింటి ఎల్లారావు ఐసు ప్లాంటుకొకటి, ఆల్లమ్మ అప్పాయమ్మ సేపల బేరానికొకటి పట్టుకెల్లారు. ఎవులైనా వాడుకోండని మీరే గదా ఊరంతా సాటింపేసినారు!"

"మరి మూడోది?"

గౌరీశ్వరి గడ్డంతో వసారా వైపు చూపించింది. అక్కడ జగ్గారావు తల్లి రామలక్ష్మమ్మ, వెండి కవచం తొడుక్కుని నిటారుగా కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. ఏళ్ళ తరబడి వంగిపోయిన మనిషి.

"ఒరే జగ్గా, నడుం నొప్పి సేత్తో తీసేసినట్టు పోయిందిరా. నాను ఇప్పను."

"అమ్మా, సాయంత్రం నాటకం ఉందే!"

"అయితే నానే వత్తాను. ఆడకొచ్చి ఇప్పుతాను."

తల్లి అంత హాయిగా కూర్చోవడం చూసి జగ్గారావుకి కళ్ళు చెమర్చాయి. మళ్ళీ నాటకం గుర్తొచ్చి, చొక్కా తగిలించుకుని ఫిషింగ్ హార్బర్‌కి పరిగెత్తాడు.

ఐసు ప్లాంటులో ఎల్లారావు కవచంలో వెలిగిపోతూ, భుజాన ఐసు దిమ్మతో ఎదురొచ్చాడు. "బావా, నీ సేతులకి దణ్ణం! ఇన్నాల్లూ గోనిసంచి ఏసుకుని మోసేవోన్ని. బుజం మొద్దుబారిపోయేది. ఇప్పుడు సలే నేదు!"

"సంతోసం. ఇప్పు మరి."

"ఇప్పేత్తే ఎలాగ బావా? బోట్లు ఆగున్నాయి. పని అవ్వగానే నానే తెత్తాను కదా."

అక్కణ్ణుంచి పూర్ణా మార్కెట్‌కి. అప్పాయమ్మని వెతకాల్సిన పనే లేకపోయింది. కవచం, నెత్తిన హెల్మెట్టు, ఆ చదును మీద కదలకుండా కూర్చున్న చేపల బుట్ట జనం మధ్యలో ధగధగా మెరుస్తున్నాయి.

"బుట్ట కాళీ అయితే ఇత్తాను బాబూ" అందావిడ.

ఏం చేస్తాడు? తొందరగా ఖాళీ చేయిద్దామని జగ్గారావే గొంతెత్తాడు. "సేపలోయ్! బతికున్న సేపలు!" స్టేజి మీద ఎన్నడూ పెగలని గొంతు అక్కడ ఖంగున మోగింది. సరిగ్గా అప్పుడే కూరల సంచీతో ట్రూపు సెక్రటరీ అచ్యుతరామయ్య గారు అటు వచ్చారు.

"ఏమయ్యా, ఏమిటీ అవతారం? కవచాలేవీ?"

జగ్గారావు అప్పాయమ్మ వైపు చెయ్యి చూపించాడు. అచ్యుతరామయ్య గారు బుట్టనీ, బుట్ట కింద హెల్మెట్టునీ చూసి, చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"సాయంత్రానికి అవి స్టేజి మీద లేకపోతే, రేపట్నుంచి నువ్వు ట్రూపులో లేవు!"

ఆయన అటు వెళ్ళారో లేదో బుట్ట ఖాళీ అయింది. వెంటనే అప్పాయమ్మ, "రెండో బుట్ట తెచ్చేత్తాను బాబూ, నాటకం యేలకి నానే వత్తాను" అంటూ హెల్మెట్టుతో సహా హార్బరు దారి పట్టింది.

సాయంత్రం తెర లేచింది. అసలు నటులు ముగ్గురూ బనీన్లతో తెర వెనక నిలబడ్డారు. భూలోక సేనాని వేషంలో గురునాథరావు స్టేజి మీద చేతులు చాచి "యోధులారా, రండి!" అని పిలిచాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచాడు. ఈలలు మొదలయ్యాయి. అప్పుడు వెనక గుమ్మంలోంచి ముగ్గురూ దిగారు: నీళ్ళోడుతూ ఎల్లారావు, ఖాళీ బుట్టతో అప్పాయమ్మ, రిక్షా దిగి రామలక్ష్మమ్మ. పట్టీలు విప్పే వ్యవధి లేదు. అచ్యుతరామయ్య గారు గోవిందా అనుకుని, ముగ్గుర్నీ అలాగే స్టేజి మీదికి తోసేశారు.

గురునాథరావు కంగుతిన్నా డైలాగు వదల్లేదు. "మంచు తుపాను ముంచుకొస్తోంది!"

"రానీ బావా. పొద్దున్నించీ మంచే మోత్తన్నాను" అన్నాడు ఎల్లారావు.

"శత్రువులు లక్షల్లో ఉన్నారు. మీకు భయం లేదా?"

"పూర్ణా మార్కెట్లో బేరాలకంటేనేటి నాయినా?" అంది అప్పాయమ్మ.

రామలక్ష్మమ్మ నేరుగా వెళ్ళి స్టేజి మధ్యనున్న సేనాని సింహాసనం మీద కూర్చుంది. "నువ్వూ కూకో బాబూ. ఎంతసేపని అరుత్తావు, కాల్లు లాగవూ?"

గురునాథరావు కూర్చున్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత యుద్ధం జరగనే లేదు. దాని కోసం ఎవరూ అడగనూ లేదు.

మొదటి బహుమతి 'అంగారక సంగ్రామా'నికే వచ్చింది. అచ్యుతరామయ్య గారు జగ్గారావుని కావలించుకుని, "వచ్చే ఏడూ నువ్వే, ఆ పైయేడూ నువ్వే!" అన్నారు. జగ్గారావు తల్లి పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇక ఉత్తమ వేషధారణ బహుమతి ప్రకటిస్తారని చొక్కా సర్దుకుని, ఒక మెట్టు కూడా ఎక్కాడు.

న్యాయనిర్ణేత మైకు ముందు గొంతు సవరించుకున్నారు. "ఇంత గొప్పగా నటించిన ముగ్గురూ వేషాల విషయంలో మాత్రం శ్రద్ధ చూపలేదు, పొద్దున మార్కెట్లో ఆ చేపలావిణ్ణి నేను చూశాను కదా, అందరూ రోజూ పనిలోకి తొడుక్కెళ్ళే బట్టలతోనే వచ్చేశారు."